సంతకం పెట్టాక ఏం చేయాలి?

పరీక్షలు అయిన వారం పది రోజులకు పిల్లల సంచుల్లో ఒక అట్ట ఇంటికి వస్తుంది. ఒకవైపు సబ్జెక్టుల పేర్లు, ఎదురుగా మార్కులో గ్రేడులో, కింద హాజరు రోజులు, పక్కన 'గుడ్' అనో 'కెన్ డూ బెటర్' అనో క్లాస్ టీచరు రాసిన రెండు ముక్కలు, అన్నిటికన్నా అడుగున తల్లిదండ్రుల సంతకానికి ఒక గీత. రెండో తరగతి చదివే పిల్లకు తెలుగులో 36, లెక్కల్లో 31, ఇంగ్లిషులో 28 వచ్చాయని అందులో ఉందనుకుందాం. ఆ తల్లికి ఏం తెలిసినట్టు? పిల్ల ఒత్తుల దగ్గర ఆగిపోతోందా, చదివింది అర్థం కాక ఊరుకుంటోందా, తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం రాక తప్పులు చేస్తోందా, పరీక్ష రోజున ఒంట్లో బాగాలేదా? ఇవేవీ ఆ అంకెల్లో లేవు. మూడు నెలల కిందట రానిది ఇప్పుడు ఏం వచ్చిందో కూడా లేదు. ప్రోగ్రెస్ అంటే ముందుకు సాగడం. ఆ పేరు పెట్టుకున్న కార్డు మీద పిల్ల ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందన్న ఒక్క మాటా కనిపించదు.

ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల విషయంలో ఈ లోటు చిన్నది కాదు. పదో తరగతి మార్కులకు ఒక పని ఉంది. ఎవరికి ఏ కాలేజీలో సీటు ఇవ్వాలో తేల్చడానికి అవి కావాలి. ఆరేడేళ్ల పిల్లను ఎవరూ ఏ కోర్సుకూ ఎంపిక చేయడం లేదు. ఆ వయసులో బడి ఇంటికి పంపే కబురుకు ఉండగల ప్రయోజనం ఒక్కటే: పిల్లకు చేయి అందించగల పెద్దలకు, అంటే బడిలో టీచరుకూ ఇంట్లో అమ్మానాన్నలకూ, ఇక మీదట చేయాల్సిన పని చెప్పడం. అందుకే చిన్నపిల్లల ప్రోగ్రెస్ కార్డు మంచి చెడ్డలు తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు. సంతకం పెట్టాక ఇంట్లోవాళ్లు మర్నాటి నుంచి చేయగల పని ఏదైనా అందులో ఉందా? ఈ కొలతకు పాత మార్కుల కార్డు నిలవదు. దాని స్థానంలో వచ్చిన గ్రేడుల కార్డూ నిలవదు. జాతీయ విద్యా విధానం కింద ఇప్పుడు వస్తున్న హోలిస్టిక్ (సమగ్ర) ప్రోగ్రెస్ కార్డు నిలుస్తుందా లేదా అన్నది దాన్ని నింపే తీరు మీద ఆధారపడి ఉంది.

ఒకే మార్కు, మూడు కథలు

52లోంచి 27 తీసేయమంటే రెండు మూడు తరగతుల పిల్లలు కొందరు 35 అని రాస్తారు. చూడగానే అజాగ్రత్త అనిపిస్తుంది. నిజానికి ఆ పిల్లలు ఒక నియమాన్ని శ్రద్ధగా పాటించారు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలి అన్నది వాళ్లు తమకు తాము చేసుకున్న నియమం. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశారు, 5 వచ్చింది. పదుల్లో 5లోంచి 2 పోతే 3. లెక్కల బోధనను పరిశోధించినవాళ్లు ఈ తప్పును అనేక దేశాల పిల్లల్లో గమనించారు. ఇలాంటి పిల్ల 48లోంచి 23 తీసేయమంటే సరిగ్గానే చేస్తుంది. పరీక్షలో ఇచ్చిన ఐదు తీసివేతల్లో అప్పు అవసరం లేనివి మూడుంటే ఆ పిల్లకు 5కు 3 వస్తాయి. పక్కన కూర్చున్న పిల్లాడికీ 5కు 3 వచ్చాయి. వాడికి తీసివేతలు బాగా వచ్చు. 'సీత దగ్గర 52 గోలీలు ఉన్నాయి' అని మొదలయ్యే రెండు లెక్కలను చదవలేక వదిలేశాడు. మూడో పిల్లకు అన్నీ వచ్చు, మెల్లగా చేస్తుంది, టైము అయిపోయింది. మొదటి పిల్లకు కావలసింది పది పుల్లల కట్టను విప్పి ఒకట్లలో కలిపి చూపించడం. రెండో పిల్లాడికి కావలసింది తెలుగు చదివించడం. మూడో పిల్లకు కావలసింది మరో పది నిమిషాలు. ముగ్గురి ఇళ్లకూ చేరేది మాత్రం ఒకే కబురు: లెక్కల్లో ఇంకా బాగా చేయాలి. ఆ కబురు అందుకున్న ఇంట్లో పిల్లను మందలిస్తారు, లేదా ఎక్కాలు మళ్లీ వల్లె వేయిస్తారు, లేదా ట్యూషనుకు పంపుతారు. ముల్లు గుచ్చుకున్న చోటు చెప్పకుండా మందు రాయమంటే ఎవరైనా కాలంతా రాస్తారు.

తెలుగు చదవడం విషయంలో ఈ చోటు చూపించడం మరీ తేలిక. మన భాషలో చదువు నేర్చే మెట్లు అందరికీ తెలిసినవే. అక్షరాలు, గుణింతాలు, ద్విత్వాలు, ఒత్తులు, చిన్న వాక్యాలు, ఆ తర్వాత కథ. మూడో తరగతితో బడి మానేసిన తల్లికీ ఈ వరస గుర్తుంటుంది. 'గుణింతాల మాటలు ఆగకుండా చదువుతోంది. అమ్మ, అక్క, పువ్వు లాంటి మాటలు వచ్చు. చంద్రుడు, పుస్తకం లాంటి మాటలు వస్తే ఒత్తును వదిలేస్తోంది. జూన్‌లో గుణింతాల దగ్గరే ఆగేది.' ఈ నాలుగు వాక్యాలు పట్టడానికి అర పేజీ చాలు. పిల్ల ఎక్కడ ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది, ముందున్న మెట్టు ఏది అన్న మూడూ ఇందులో ఉన్నాయి. 50కి 36 అన్న అంకెలో ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేదు.

గ్రేడులు వచ్చాక

మార్కుల మీద అసంతృప్తి ఇవాళ్టిది కాదు. బడి సంచి బరువు కన్నా అర్థం కాని చదువు బరువే పిల్లలను ఎక్కువ కుంగదీస్తోందని 1993లోనే యశ్‌పాల్ కమిటీ చెప్పింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం తన 29వ సెక్షన్లో నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని తప్పనిసరి చేసింది. పిల్లకు ఎంత అర్థమైంది, అర్థమైన దాన్ని ఎంత వాడగలుగుతోంది అన్నది ఏడాది పొడవునా గమనించాలని దాని సారం. అదే చట్టంలోని 24వ సెక్షన్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టి పిల్లల హాజరు, నేర్చుకోగల శక్తి, చదువులో సాధించిన ప్రగతి వాళ్లకు తెలియజేయడం టీచరు విధుల్లో ఒకటని అది చెబుతుంది. అంటే పిల్ల చదువు గురించి అర్థమయ్యేలా తెలుసుకోవడం మన దేశంలో తల్లిదండ్రుల హక్కు. బడి దయతలచి ఇచ్చేది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ మూల్యాంకనం ఎఫ్ఏలు, ఎస్ఏల రూపంలో వచ్చింది. ఎస్ఏ అంటే సంగ్రహణాత్మక మూల్యాంకనం, ఎఫ్ఏ అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం. ఎఫ్ఏ కింద తరగతిలో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అన్న నాలుగు కోణాల్లో పిల్లను చూడాలన్నారు. ఆలోచన మంచిదే. టీచరు దగ్గర పోగుపడాల్సిన పరిశీలనలు మాత్రం రిజిస్టర్లో అంకెలుగా మారాయి, ఆ అంకెలు ఇంటికి చేరేసరికి అక్షరాలయ్యాయి. 91 వస్తే ఒక గ్రేడు, 90 వస్తే దాని కింది గ్రేడు. ఒక్క మార్కు తేడాతో పిల్లలను పోల్చి చూసే అలవాటు కొంత తగ్గింది, అది మేలే. తల్లికి అందే సమాచారం మాత్రం ఇంకా పలచబడింది. ఒకప్పుడు 36 అని తెలిసేది, ఇప్పుడు ఒక గ్రేడు మాత్రమే తెలుస్తోంది. ఈ మూల్యాంకన పద్ధతి వల్ల చదువులు మెరుగుపడ్డాయా అని హర్యానాలో 2012-13లో ప్రభుత్వ బడుల్లో పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. జేమ్స్ బెర్రీ, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలు చేసిన బడుల పిల్లలకూ, చేయని బడుల పిల్లలకూ చదువులో తేడా కనిపించలేదు. అదే అధ్యయనంలో, పిల్లలను తరగతిని బట్టి కాక చదవగల స్థాయిని బట్టి రోజూ కొంతసేపు గుంపులు చేసి నేర్పిన చోట చదవడం మెరుగుపడింది. రెండు చోట్లా పిల్లల స్థాయిని కొలిచారు. ఒకచోట కొలత రిజిస్టర్లోకి వెళ్లింది, రెండోచోట మర్నాటి పాఠంలోకి వెళ్లింది.

తెలుసనుకుంటాం, తెలియదు

'మా పిల్ల సంగతి మాకు తెలియదా?' అని ఏ తల్లిదండ్రులైనా అనవచ్చు. పిల్ల స్వభావం వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్నది నిజం. చదువు సంగతి మాత్రం వేరు. మలావీ దేశంలో పల్లె తల్లిదండ్రుల మీద రెబెకా డిజాన్-రాస్ చేసిన పరిశోధన 2019లో వచ్చింది. తమ పిల్లల మార్కులు ఎంతో చెప్పమంటే తల్లిదండ్రుల అంచనాలు చాలా దూరంగా ఉన్నాయి. చదువుకోని, పేద కుటుంబాల్లో ఆ దూరం ఇంకా ఎక్కువ. పిల్లల పరిస్థితిని అర్థమయ్యేలా విడమరచి చెప్పగానే వాళ్ల నిర్ణయాలు మారాయి. వేర్వేరు స్థాయిల అభ్యాస పుస్తకాల్లోంచి ఒకటి ఎంచుకోమంటే తమ పిల్ల స్థాయికి తగినదాన్ని ఎంచుకున్నారు. శ్రద్ధ వాళ్లకు ముందునుంచీ ఉంది, సమాచారమే అందలేదు. పేద తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదని మన దగ్గర తరచూ వినిపించే మాటకు ఇంతకన్నా గట్టి జవాబు అక్కర్లేదు.

మన దేశంలో ఈ లోటు ఎంతటిదో అసర్ సర్వే చూపిస్తుంది. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2005 నుంచి పల్లెల్లో జరుగుతున్న ఈ సర్వే పద్ధతి చాలా సరళం. వాలంటీరు ఇంటికే వెళ్లి పిల్ల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ ఉంటాయి. ఎంతవరకు చదివితే అదే పిల్ల స్థాయి. 2024 సర్వే ప్రకారం దేశంలోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతం. ఐదో తరగతికి వచ్చినా 44.8 శాతమే. చదవలేకపోతున్న పిల్లలూ ఏటా పై తరగతికి వెళ్తూనే ఉన్నారు. చదవడం రాలేదన్న మాటను సూటిగా చెప్పగలిగిన కార్డు వాళ్లలో ఎంతమంది ఇంటికి చేరి ఉంటుంది? అసర్ కాగితం ముందు గ్రేడుల పట్టిక అక్కర్లేదు. పిల్ల ఇంటి అరుగు మీద కూర్చుని చదువుతుంటే విన్నవాళ్లందరికీ విషయం తెలిసిపోతుంది.

అంకెలకు అసలు బలం లేదని చెప్పడం న్యాయం కాదు. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో 112 ఊళ్లను తీసుకుని, వాటిలో సగం ఊళ్లలో ప్రతి పిల్ల మార్కులతో పాటు ఊళ్లోని అన్ని బడుల సగటు మార్కులనూ తల్లిదండ్రులకు అందించారు. తాహిర్ అంద్రాబీ, జిష్ణు దాస్, ఆసిం ఖ్వాజా 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్లలో పిల్లల చదువు కొంత మెరుగుపడింది, ప్రైవేటు బడుల ఫీజులు 17 శాతం తగ్గాయి, బడిలో చేరే పిల్లలు పెరిగారు. ఏ బడి బాగుందో తెలిశాక తల్లిదండ్రులు అడిగే స్థితికి వచ్చారు. బడిని ఎంచుకోవడానికి, నిలదీయడానికి అంకె పనికొచ్చింది. తన పిల్లకు ఈ సాయంత్రం ఏం చెప్పించాలన్న ప్రశ్నకు అది జవాబు చెప్పలేదు. రెండూ వేర్వేరు అవసరాలు. ప్రాథమిక బడి కార్డు ముందుగా తీర్చాల్సింది రెండోదాన్ని.

ర్యాంకు లేకపోతే ఎలా?

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు అడ్డు చెబుతారు. లోకమంతా పోటీ, రేపు ఈఏపీసెట్, నీట్, జేఈఈ రాయాలి, చిన్నప్పటి నుంచే ర్యాంకులు అలవాటు కాకపోతే పిల్ల వెనకబడదా అని. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. తెలుగు నేల మీద ఎన్నో కుటుంబాలు ఒక ర్యాంకుతో తమ తలరాత మార్చుకున్నాయి. అయితే ర్యాంకు చూసి పిల్ల పట్టుదల పెంచుకుంటుందన్న నమ్మకానికి ఆధారం ఉందా అన్నది వేరే ప్రశ్న. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగం దీన్ని సూటిగా పరీక్షించింది. పదకొండు పన్నెండేళ్ల పిల్లల్లో కొందరికి చేసిన పని మీద వ్యాఖ్య మాత్రమే ఇచ్చారు, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగైంది, ఆసక్తి నిలిచింది. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవాళ్లు మార్కు మాత్రమే అందుకున్నవాళ్ల కన్నా పెద్దగా మెరుగుపడలేదు. మార్కు కనబడగానే పిల్ల కన్ను తనకు ఎంత వచ్చింది, పక్కవాడికి ఎంత వచ్చింది అన్న చోటికి వెళ్తుంది. వ్యాఖ్యను చదవదు. పదకొండేళ్ల పిల్లల్లోనే ఇలా ఉంటే ఏడేళ్ల పిల్లకు ర్యాంకు ఏం నేర్పుతుంది? ముందున్నవాళ్లకు ఆ చోటు పోతుందన్న భయం, వెనకున్నవాళ్లకు తమ వల్ల కాదన్న నమ్మకం. డెన్మార్క్ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా మార్కులు ఇవ్వరు, స్వీడన్‌లో సాధారణంగా ఆరో తరగతి నుంచే గ్రేడులు మొదలవుతాయి. ఆ దేశాల పిల్లలు పెద్దయ్యాక పోటీ పడలేకపోతున్నారని ఎవరూ అనడం లేదు. పోటీ పరీక్షకు కావలసిన అసలు బలం వేగంగా చదివి అర్థం చేసుకోవడం, లెక్క తడబడకుండా చేయడం. ఆ పునాది ఎక్కడ బీటలు వారిందో సకాలంలో చెప్పే కార్డే పిల్లను పోటీకి సిద్ధం చేస్తుంది.

మార్కులు తీసేస్తే నిజం దాచినట్టు అవుతుందన్న వాదనలో బలం ఉంది. మార్కు లేని కార్డు మీద 'ఉత్సాహంగా పాల్గొంటోంది', 'శ్రద్ధ పెంచుకోవాలి' లాంటి మెత్తని మాటలు రాసి సరిపెడితే అది మార్కు కన్నా అన్యాయం. మార్కు కనీసం ఏదో తేడా ఉందని చెబుతుంది, ఆ మాటలు అదీ చెప్పవు. 'శ్రద్ధ పెంచుకోవాలి' అన్న వాక్యం మరీ హాని చేస్తుంది, ఎందుకంటే చదువులోని చిక్కును పిల్ల గుణంలోని లోపంగా మార్చేస్తుంది. రెండో తరగతి ముగిసేసరికి పిల్ల గుణింతాల మాటలు చదవలేకపోతే ఆ మాటను అలాగే, ఆ నెలలోనే, తెలుగులో తల్లికి చెప్పాలి. తీర్పు లేకుండా నిజం చెప్పవచ్చు. 'మీ పిల్ల చదువులో వెనకబడింది' అనేది తీర్పు. 'గుణింతాల్లో ఏత్వం, ఓత్వం కలగాపులగం చేస్తోంది, ఈ నెల వాటి మీద పని చేస్తున్నాం' అనేది నిజం. రెండో మాట విన్న తల్లికి నొప్పి ఉండవచ్చు, దారి కూడా ఉంటుంది.

కొత్త కార్డు, పాత చేతులు

జాతీయ విద్యా విధానం 2020లో ప్రోగ్రెస్ కార్డును మొత్తంగా మార్చాలని చెప్పింది. టీచరు పరిశీలనతో పాటు పిల్ల తన గురించి తాను చెప్పే మాట, తోటి పిల్లలు చెప్పే మాట అందులో ఉండాలనీ, ఆ కార్డు ఇంటికీ బడికీ మధ్య వారధి కావాలనీ కోరింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక ఈ వయసు పిల్లలకు రాత పరీక్షలు తగవనీ, వాళ్లు ఆడేటప్పుడు, మాట్లాడేటప్పుడు, గీసేటప్పుడు గమనించి రాసుకోవాలనీ చెప్పింది. ఎన్‌సీఈఆర్‌టీలో ఏర్పడిన పరఖ్ విభాగం హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డుల నమూనాలు తయారు చేసింది. ఇంట్లో పిల్లకు ఏ పుస్తకాలు, ఆటవస్తువులు అందుబాటులో ఉన్నాయి, ఏ పనిలో సాయం కావాలి అని తల్లిదండ్రులు రాయడానికీ అందులో చోటుంది. కార్డు ఇంటి నుంచి బడికి కూడా మాట మోస్తుందన్న ఈ ఆలోచన ఎంతో విలువైనది. పిల్ల కిరాణా కొట్టులో చిల్లర సరిగ్గా లెక్కపెట్టి తెస్తుందనీ, బోర్డు మీది అక్షరాలు కనిపించడం లేదంటోందనీ, క్లాసులో లేచి మాట్లాడాలంటే భయమనీ తల్లికి తెలుసు. ఈ మూడింటిలో ఏదీ టీచరు రిజిస్టర్లో ఉండకపోవచ్చు.

ప్రమాదం ఎక్కడుందంటే, పాత చేతులతోనే కొత్త కార్డు నింపడంలో. పేజీలకు పేజీలు గళ్లు, సామర్థ్యాల పేర్లు పెరిగేకొద్దీ టీచరు వాటిలో ఒక్కసారే కూర్చుని టిక్కులు పెట్టి ముగించే అవకాశమూ పెరుగుతుంది. 'సంజ్ఞానాత్మక వికాసం', 'అభ్యసన ఫలితాలు' లాంటి మాటలు చదివే తల్లికి ఇంగ్లిషు మాటల కన్నా దగ్గరివేమీ కావు. 40 టిక్కుల కన్నా తెలుగులో రాసిన నాలుగు నికార్సయిన వాక్యాలు మేలు. అవి నాలుగు ప్రశ్నలకు జవాబు కావాలి. పిల్లకు ఇప్పుడు ఏం వచ్చు? పోయినసారి కన్నా ఏం కొత్తగా వచ్చింది? ఇంకా ఏది రావడం లేదు? దాని కోసం బడిలో ఏం చేస్తారు, ఇంట్లో ఏం చేయవచ్చు? ఇంటి పని కూడా ఆ ఇంటికి సాధ్యమయ్యేది కావాలి. పొద్దుపోయి కూలి నుంచి వచ్చే తల్లిని వర్క్‌షీట్లు చేయించమనడం కన్నా, 'అన్నం తినేటప్పుడు ఒక కథ చెప్పించుకోండి', 'పప్పు గింజలు పదేసి కుప్పలు పోయించండి' అనడం మర్యాద.

టీచరుకు సమయం ఎక్కడిది అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. రోజుకు ఇద్దరు పిల్లల చేత ఐదేసి నిమిషాలు చదివించుకుని, ఒక లెక్క చేయించి, రెండు ముక్కలు నోటు పుస్తకంలో రాసుకుంటే 15 పనిదినాల్లో తరగతి మొత్తం పూర్తవుతుంది. అంటే మూడు నెలల్లో ప్రతి పిల్లనూ మూడు నాలుగుసార్లు దగ్గరగా చూసినట్టు. దీని కోసం కొత్త పని నెత్తిన పెట్టక్కర్లేదు, ఎవరూ తిరిగి చూడని రిజిస్టర్లలో కొన్నింటిని తీసేస్తే చాలు. ఐదు తరగతులనూ ఒక్కరే నడిపే ఏకోపాధ్యాయ బడిలో మాత్రం ఈ లెక్క కుదరదు. అక్కడ టీచరును నిందించే హక్కు ఎవరికీ లేదు. రెండో టీచరును ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఒక తరగతి గదిలో 50 మందిని కూర్చోబెట్టి ఫీజు తీసుకునే ప్రైవేటు బడికి ఆ సాకూ లేదు.

కబురు ఒక్కటే చాలదు

ఎంత మంచి సమాచారమైనా తనంతట తాను ఏమీ చేయదన్న హెచ్చరిక మన ఆంధ్రప్రదేశ్ నుంచే వచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రాష్ట్రంలోని 100 గ్రామీణ ప్రాథమిక బడుల్లో ప్రతి పిల్లకు ఏం వచ్చో, ఏం రాదో వివరంగా రాసిన నివేదికలను టీచర్లకు ఇచ్చారు, అప్పుడప్పుడూ తరగతులను గమనించారు. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గమనించేవాళ్లు ఉన్నప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు, ఏడాది చివర పిల్లల చదువులో మాత్రం తేడా రాలేదు. పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో, అలాంటి నివేదికలు ఉపయోగపడ్డాయని చెప్పిన టీచర్ల పిల్లలు మాత్రం మెరుగుపడ్డారు. నివేదికను వాడడానికి ఒక కారణం కూడా ఉండాలన్నమాట. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు చేసిన అధ్యయనమూ ఇలాంటి మాటే చెప్పింది. పిల్లలు ఎంత చదవగలరో ఊరివాళ్లకు తెలియజేసినా బడి మారలేదు. ఊళ్లోని యువకులకు చదివించే పద్ధతి నేర్పి సాయంత్రం శిబిరాలు పెట్టించిన చోట, వచ్చిన పిల్లలు చదవడం మొదలుపెట్టారు. ఈ రెండు అధ్యయనాలనూ చూపించి 'తల్లిదండ్రులకు చెప్పడం దండగ' అనేవాళ్లున్నారు. వాటి నుంచి నేర్వాల్సింది వేరు. కబురుతో పాటు చేయాల్సిన పనీ వెళ్లాలి, మూడు నెలల తర్వాత 'పోయినసారి చెప్పిన సంగతి ఏమైంది?' అని అడిగేవాళ్లు ఉండాలి. పిల్ల మీద ప్రేమ ఉన్న తల్లి కన్నా బాగా అడగగలిగేవాళ్లు ఎవరు?

అడగడానికి ఒక చోటు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ జరిగింది, 2025 జులై 10న మరోసారి జరిగింది. తల్లిదండ్రులు పండక్కి వచ్చినట్టు బడికి రావడం సంతోషించదగ్గ విషయం. ఆ సంబరం తర్వాత ప్రతి తల్లికీ టీచరు ఎదురుగా కూర్చునే పది నిమిషాలు దొరకాలి. నలుగురి ముందు నిలబెట్టి పిల్ల తప్పులు చదివితే ఆ తల్లి మరోసారి రాదు. వాట్సాప్ గ్రూపులో అందరి మార్కులూ పెట్టడం కూడా ఇలాంటిదే. ఒక పిల్ల చదువు సంగతి ఆ పిల్ల ఇంటిది, ఊరిది కాదు.

చదవడం రాని తల్లిదండ్రుల మాటేమిటి? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 59 శాతం. అప్పటి లెక్కన ఐదుగురు స్త్రీలలో ఇద్దరికి ఏ కార్డూ అక్కరకు రాదన్నమాట. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ మాట్లాడుకునే పిల్లల తల్లులకు రాసిన తెలుగూ దూరమే. అలాంటి ఇంటికి ఒక మంచి దారి ఉంది. జులైలో పిల్ల చేత ఒక చిన్న కథ చదివించి టీచరు ఫోన్‌లో రికార్డు చేయాలి. నవంబరులో అదే కథ మళ్లీ చదివించి రికార్డు చేయాలి. రెండూ ఆ తల్లికి మాత్రమే వినిపించాలి. మొదటిసారి మాట మాటకూ ఆగిన గొంతు రెండోసారి గుక్క తిప్పుకోకుండా సాగితే, అక్షరం ముక్క రాని తల్లికీ ప్రోగ్రెస్ అంటే ఏమిటో తెలుస్తుంది. సాగకపోతే అదీ తెలుస్తుంది. అప్పుడు ఆమె అడగాల్సింది అడుగుతుంది.

కార్డు అడుగున ఇప్పుడు ఒకే సంతకానికి చోటుంది. అది చూశామన్న రుజువు, అంతకు మించి ఏమీ కాదు. ఆ గీత పైన రెండు వాక్యాలు రాసే చోటు పెడదాం. 'వచ్చే మూడు నెలలు బడిలో మేం చేసేది ఇది' అన్న వాక్యం కింద టీచరు, 'ఇంట్లో మేం చేయగలిగింది ఇది' అన్న వాక్యం కింద తల్లి లేదా తండ్రి సంతకం పెట్టాలి. మళ్లీ కార్డు వచ్చినప్పుడు ముందుగా ఆ రెండు వాక్యాలే చదువుకోవాలి. ఏడేళ్ల పిల్ల చదువుకు జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల ఒక్కతే కాదు. తన పేరు రాసిన కార్డు మీద తన కోసం ఇద్దరు పెద్దలు మాట ఇచ్చి సంతకం పెట్టడం ఆ పిల్ల చూడాలి.